మాలూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో ఎంత దూరం?

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన మాలూరులోనూ ఉన్నాయి. "అంత దూరం ఎట్లా పోతారప్పా?" అని అవ్వలు అడుగుతుంటారు. హోసకోట మీదుగా దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం చేరితే, అక్కడినుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాదాపు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, తోటి మహిళా పైలట్లు ఎయిరిండియా విమానాన్ని శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా, ఎక్కడా ఆగకుండా బెంగళూరు చేర్చారు. పట్టింది సుమారు 17 గంటలు. ఎంత గర్వపడినా తక్కువే! ధ్రువం మీదుగా ఎందుకంటే, భూమి గుండ్రం కనుక దగ్గరి దారి అదే. గ్లోబు మీద దారం పట్టి చూస్తే తెలుస్తుంది. ఎదురుగాలి వీస్తే ప్రయాణం ఇంకా పెరుగుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న పిల్లలకు ఫోన్ చేసేముందు గడియారం చూసుకోండి: చలికాలంలో మనకు ఉదయం 10 అయితే వాళ్లకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర.