ఇరవై ఒకటవ గడి



కంప్యూటరు లోతులు తెలుగులో బోధపడవని, అందుకొరకైనా పిల్లలను ఆంగ్ల మాధ్యమానికి మార్చవలసి ఉంటుందని కొందరు తల్లిదండ్రులు నాతో అంటున్నారు. వాదించుటకన్న ఒక విషయమును విప్పి చెప్పుట మేలని తోచినది.

2024 జూలై 19 ఉదయం, మన గడియారాల్లో పది కాకమునుపే, ప్రపంచమంతటా ఎన్నో విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపి నిలిచిపోసాగినవి. మైక్రోసాఫ్ట్ సంస్థ అంచనాలో వాటి సంఖ్య 85 లక్షలు. విమానములు ఆగినవి, హైదరాబాదు విమానాశ్రయంలో చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. శత్రువులెవరూ దాడి చేయలేదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక చిన్న ఫైలే కారణము.

ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డును కెర్నెల్ అంటారు. మనము వాడే ప్రోగ్రాములు ఎవరి గదిలో అవి ఉంటాయి. ఒకటి తప్పు చేస్తే దానినొక్కదానినే మూసివేయవచ్చును. డ్రైవరు సంగతి వేరు. డిస్కు, తెర వంటి పరికరములతో మాట్లాడవలసినది గనుక అది సాధారణంగా కెర్నెల్ లోపలనే పనిచేస్తుంది. క్రౌడ్‌స్ట్రైక్ వారి ప్రోగ్రాము ఏ పరికరమునూ నడపకపోయినా, డ్రైవరు రూపముననే అక్కడ చేరినది. అక్కడ ఒక ప్రోగ్రాము మెమరీలో చదువరాని చోటును తాకితే, ఇంకేమి చెడినదో తెలియదు గనుక విండోస్ యంత్రమునంతటినీ ఆపివేస్తుంది.

ఆ రోజు జరిగినది లెక్క తప్పు. క్రొత్త ఫైలు 21వ గడిని చూడమన్నది. ప్రోగ్రాము అందించినవి 20 గడులే. ఎన్ని ఉన్నవో సరిచూడక డ్రైవరు 21వ దానికై చేయి చాచినది. మునుపటి పరీక్షలలో ఈ దోషము ఎందుకు బయటపడలేదు? అప్పటి ఫైళ్లలో 21వ గడికి ‘ఏదైనా సరే’ అని ఉన్నది. దానిని చదువవలసిన అవసరమే రాలేదు. ప్రశ్నపత్రములు కూర్చే మా వంటివారికి ఇది బాగా అర్థమవుతుంది.

సంస్థ 78 నిమిషములలో ఆ ఫైలును ఉపసంహరించినది. కాని నిలిచిన యంత్రమునకు సవరణ అందేదెట్లు? చాలాచోట్ల ఉద్యోగులు ఒక్కొక్క కంప్యూటరు వద్దకు వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ ఫైలును తొలగించవలసి వచ్చినది.

డ్రైవర్లు ఎక్కువగా సి, సి ప్లస్ ప్లస్ భాషలలో ఉంటాయి. వాటికి వేగమున్నది, హద్దు కాచే బాధ్యత మాత్రం వ్రాసేవారిదే. రస్ట్ అనే భాష చాలావరకు ఆ కాపలా తానే చూచుకుంటుంది. లైనక్స్ కెర్నెల్ 2022 డిసెంబరులో, 6.1వ కూర్పులో, దానికి చోటిచ్చినది. అయినను నేటి డ్రైవర్లలో అత్యధికము పాత భాషలవే.

ఇదంతా తొమ్మిదవ తరగతిలో తెలుగులోనే చెప్పాను. “అన్నిటినీ మరల వ్రాయుటకు ఎన్నేళ్లు పడుతుందండీ?” అని ఒక బాలిక అడిగినది. ఈ పనిలో ఉన్న పూర్వ విద్యార్థులెవరైనా ఒకరోజు వచ్చి ఆమెకు జవాబు చెప్పవలసినదిగా కోరుతున్నాను.