పాత ల్యాప్‌టాప్‌లో ఏ విండోస్? దాతలకు ఒక మనవి

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫీజులు, పుస్తకాలతో పాటు ఈ మధ్య మీరు వాడిన ల్యాప్‌టాప్‌లు కూడా మన సొసైటీకి ఇస్తున్నారు. వాటిని సిద్ధం చేసి పిల్లల చేతికి అందించే పని ఉపాధ్యాయులమైన మాకు అప్పగించారు. ప్రతి ల్యాప్‌టాప్ దగ్గరా మాకు ఒకే ప్రశ్న ఎదురవుతోంది. పాత విండోస్ 10నే ఉంచాలా, విండోస్ 11 వేయాలా? వినడానికి చిన్న విషయమే. కానీ మీ సొమ్ము, పిల్లల భద్రత రెండూ దీనితో ముడిపడి ఉన్నాయి.

విండోస్ 10 వచ్చింది 2015 జులైలో. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. అంతమాత్రాన ఆ ల్యాప్‌టాప్‌లు ఆగిపోలేదు, నేటికీ పనిచేస్తున్నాయి. అయితే కొత్తగా బయటపడే లోపాలకు ఇక మామూలుగా మరమ్మతు రాదు. ఇంటికి తాళం ఉంది, దాని మారుతాళం దొంగల చేతిలో పడినా మార్చే దిక్కు లేదు అన్నట్టు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని స్తంభించింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ ఆ దెబ్బ తగిలింది. దానికి విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేసింది. అది వేసుకోని కంప్యూటర్లే దానికి చిక్కాయి. మన పిల్లలు ఈ ల్యాప్‌టాప్‌లలోనే స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపుతారు. ఆధార్ నంబరు, తల్లి బ్యాంకు ఖాతా వివరాలు అందులోనే కొడతారు. పోగొట్టుకుంటే తట్టుకోలేని కుటుంబాలవి.

అయితే అన్నిటికీ విండోస్ 11 వేసేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. అది అన్ని యంత్రాలకూ సరిపడదు. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి మాత్రమే అనుమతి. అంటే 2017కు ముందు కొన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ తలుపు మూసుకున్నట్టే. అడ్డదారిలో ఎక్కించే మార్గాలు ఉన్నాయి కానీ, అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. ఏ భద్రత కోసం మారుస్తున్నామో అదే లేకపోతే మార్చి ఏం లాభం?

ఇంకో దారి దొంగ కాపీ. అది మనం ముట్టుకోకూడదు. దానం పేరుతో దొంగ సొత్తు పిల్లవాడి చేతిలో పెట్టలేం. పైగా ఆ కాపీలతోనే వైరస్‌లు కూడా వస్తుంటాయి.

అందుకని మేము ఒక పద్ధతి అనుకున్నాం. ముందుగా మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ప్రతి ల్యాప్‌టాప్‌ను పరీక్షిస్తాం. విండోస్ 11కు అర్హత ఉంటే అదే వేస్తాం. అసలైన విండోస్ 10 ఉన్నవాటికి ఈ మార్పు ఉచితమే. బి.కాం. చదువుతూ ట్యాలీ నేర్చుకునే పిల్లలకు విండోస్ తప్పనిసరి కనుక ఈ ల్యాప్‌టాప్‌లు ముందు వారికే ఇస్తాం.

అర్హత లేనివాటిలో లినక్స్ మింట్ వేస్తాం. అది ఉచితం, చట్టబద్ధం, అప్‌డేట్లు క్రమంగా వస్తాయి. 4 జీబీ ర్యామ్‌తోనూ నడుస్తుంది. ఉత్తరాలు, లెక్కల పట్టికలకు లిబ్రే ఆఫీస్, ఇంటర్నెట్‌కు ఫైర్‌ఫాక్స్ అందులోనే ఉంటాయి. తెలుగు, ఉర్దూ రెండూ టైపు చేసుకోవచ్చు. కొత్త విధానం పిల్లలకు కష్టం కాదా అనే సందేహం సహజం. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నడుస్తున్నాయి. అక్కడి పిల్లలు నేర్చుకున్నది మన పిల్లలు నేర్చుకోలేరా? మొదటి వారం మేము పక్కన కూర్చుని చూపిస్తాం.

ఇక మీకు మూడు మనవులు. ఒకటి, ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు మీ ఫొటోలు, పత్రాలు వేరే చోట దాచుకుని, అందులోవి పూర్తిగా చెరిపి ఇవ్వండి. రెండు, చార్జర్ కూడా జత చేయండి. అది లేక మూలన పడే యంత్రాలు ఎక్కువ. మూడు, కొత్త ల్యాప్‌టాప్ ఒక్కటి కొనే సొమ్ముతో చాలా పాత ల్యాప్‌టాప్‌లకు ఎస్ఎస్‌డీ వేయించవచ్చు. పాత హార్డ్ డిస్క్ తీసి అది పెడితే, నిమిషాల తరబడి తెరుచుకునే యంత్రం కూడా చురుగ్గా లేస్తుంది. ఈ ఏడాది మీ విరాళంలో కొంత భాగం ఆ ఖర్చుకు కేటాయించమని కోరుతున్నాం.

మీరిచ్చిన ప్రతి వస్తువూ మా దగ్గర అమానత్. ఏ ల్యాప్‌టాప్‌లో ఏం వేశామో, ఏ తరగతి విద్యార్థికి ఇచ్చామో రిజిస్టరులో రాసి ఉంచుతాం. ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.