కథకు పునర్జన్మము

  

ఏదేని యొక విషయమును గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు నన్ను కోరిరి. చలనచిత్రములను గూర్చి మాటలాడెదనని చెప్పగా వారు చిఱునవ్వు నవ్విరి. శబ్దమంజరి వల్లెవేయించిన ముసలి పంతులుకు కొట్లాటబొమ్మలతో నేమి పని యని వారి భావము కాబోలు. పని యున్నది. దానిని తుదిని మనవి చేసెదను.

2009వ సంవత్సరమున "వాంటెడ్" అను హిందీ చిత్రము వెలువడెను. బోనీ కపూర్ నిర్మాత, ప్రభుదేవా దర్శకుడు, సల్మాన్ ఖాన్ నాయకుడు. ఆ యేటి హిందీ చిత్రములలో మిక్కిలి ధనమార్జించినవానిలో నది యొకటి. ఉత్తరదేశమున దానిని జూచి కరతాళధ్వనులు చేసినవారిలో నెందఱికి దాని పుట్టినిల్లు తెలియును? 2006లో పూరి జగన్నాథ్ వ్రాసి తీసిన "పోకిరి" దానికి మాతృక. అందు నాయకుడు మహేష్ బాబు. ఆయన తండ్రి ఘట్టమనేని కృష్ణగారు మన తెనాలి చెంత బుఱ్ఱిపాలెమున జన్మించినవారు. కృష్ణగారి కుమార్తె మంజులగారు ఆ చిత్రనిర్మాతలలో నొకరు. ఆ కథ 2007లో తమిళమునకు, పిమ్మట హిందీకిని బోయెను. ఆ రెంటికిని ప్రభుదేవాయే దర్శకుడు. మూడు భాషలయందును ప్రతినాయకుడు ప్రకాష్ రాజే.

దుష్టులలో దుష్టునివలె మెలగినవాడు తుదకు పోలీసు అధికారియని తేలుట యా కథకు ప్రాణము. హైదరాబాదు బొంబాయి యయ్యెను. పండు రాధే యయ్యెను. ప్రాణము మాత్రము నిలిచెను.

ఇది క్రొత్త త్రోవ గాదు. 1981లో కృష్ణగారు నటించిన "ఊరుకి మొనగాడు" చిత్రమును వారి పద్మాలయా సంస్థ 1983లో "హిమ్మత్‌వాలా" యను పేర హిందీలో నిర్మించెను. రెంటికిని దర్శకులు కె. రాఘవేంద్రరావుగారు. జితేంద్ర, శ్రీదేవి నటించిన యా చిత్రము ఘనవిజయము నందెను. అదే పేరున దానినే 2013లో మరల తీయగా, పరాజయము పాలయ్యెను.

కావున కథ యొక్కటియే కాసులు కురిపించుననుట పొరపాటు. రైతుబిడ్డలగు మీకు వేఱుగ చెప్పవలెనా? నారు మేలైనదే యైనను, అదును తప్పినను, చవుటినేల నాటినను పంట చేతికి రాదు. అట్లని నారు పోయకుండ నాట్లు వేయగలవాడును లేడు. మహాభారతములోని శకుంతలోపాఖ్యానమును గైకొని, దుర్వాసుని శాపమును చేర్చి, కాళిదాసు నాటకము రచించెను. ఆయనను చోరుడని యెవ్వరును నిందింపలేదు. పాతకథను క్రొత్త నేలకు తగునట్లు నాటుట కవికర్మమే.

ఇక నా మనవి. 1983 ప్రాంతమున నేను క్రొత్తగా ఉపాధ్యాయవృత్తియందు చేరితిని. తొమ్మిదవ తరగతి బాలుడొకడు వ్యాకరణపు నోటుపుస్తకము వెనుక పుటలలో సినిమాకథ వ్రాసికొనుచుండగా పట్టుకొని, పుటలు చింపివైచితిని. తండ్రిని పిలిపించి, మీవాడు చెడిపోవుచున్నాడంటిని. వాడు నేడు వ్యాపారము చేసికొనుచు సుఖముగనే యున్నాడు. ఇటీవల నొక పెండ్లియందు కనబడి, నవ్వుచు, "మాస్టారూ, ఆ కథ చివర ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలుసండీ" అనెను. నేను మాఱుపలుకలేకపోతిని. వ్యాకరణము నేర్పుట నా ధర్మమే. ఆ పుటలు చింపుట నా యపరాధము.

పోషకులారా! వైద్యమునకును ఇంజనీరింగునకును మీరిచ్చు విద్యార్థివేతనములు శ్లాఘ్యములు. వానితోపాటు, మంచి కథ వ్రాసిన బాలునకో బాలికకో యేటేట నొక చిన్న బహుమతి నీయుడు. మొదటి బహుమతికి నా పింఛనునుండి వేయి రూపాయలు సమర్పించుచున్నాను. తల్లిదండ్రులారా! పిల్లల నోటుపుస్తకము వెనుక పుటలను చింపుటకు ముందు చదువుడు.