ఒకటవ తరగతి బిడ్డ ఇంటిపని – ఇంటివారి పాలు
(తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగము)



ఒకటవ తరగతి బిడ్డల ఇంటిపనిని గూర్చి మాటలాడుమని కోరినప్పుడు, ఇది పంతులమ్మలు చెప్పవలసిన సంగతి గదా అని మొదట వెనుదీసితిమి. పిమ్మట ఈ విషయములో మేము చేసిన పొరపాటొకటి జ్ఞాపకమునకు వచ్చి ఒప్పుకొంటిమి. దానితోనే ఆరంభించెదము.

ఇంతకుముందు మేము పనిచేసిన పాస్టరేటులో ఒక కూలి తల్లి, దీపాలు పెట్టిన వేళ, కుమారుని నోటుపుస్తకము పట్టుకొని మా ఇంటికి వచ్చినది. ఒక పుట నిండ 'అ', మరియొక పుట నిండ అంకెలు. అడుగున సంతకము చేయవలసిన చోట ఆమె వేలిముద్ర వేసినది. బడివారు దానిచుట్టు ఎర్రసిరాతో సున్న చుట్టి తిప్పి పంపిరి. "సంతకమే కావాలంటండి అయ్యగారూ. నాకు ముద్రే వచ్చు. మీరే ఏదో ఒకటి గీసిపెట్టండి" అన్నది. బిడ్డ ఆమె చెంగు వెనుక నిలిచి మా వైపు చూడనేలేదు.

మేము సంతకము చేసితిమి. మరునాడును చేసితిమి. అట్లు రెండు నెలలు గడచినవి. ఉపకారమే చేయుచున్నామని తలంచితిమి. ఒక రాత్రి మా శ్రీమతి, ఆమె కొంతకాలము ప్రాథమిక పాఠశాలలో పనిచేసినది, "మీరు సంతకము పెట్టినకొలది ఆ బిడ్డ చదువులో తల్లికి చోటు తగ్గిపోతున్నది, చూచుకున్నారా?" అని అడిగినది. మేము చూచుకొనలేదు. వచ్చిన కొత్తలో ఆ తల్లి పుస్తకము తెరచి, బిడ్డ వ్రాసినది వ్రేలితో చూపెడిది. పోనుపోను మూసిన పుస్తకమునే గుమ్మము బయటనుండి అందించుచుండెను.

మరునాడు మా శ్రీమతి ఆ ఇద్దరిని చాపమీద కూర్చుండబెట్టి, చీపురుపుల్లలు విరిచి ముందు పోసి, పదేసి పుల్లలు ఒక కట్టగా దారముతో కట్టుడని చెప్పినది. రెండు కట్టలు, విడిగా మూడు పుల్లలు: ఇరవై మూడు. ఆ తల్లి నవ్వి, "ఇంతేనా అమ్మగారూ! నారు కట్టల లెక్కే గదండీ" అన్నది. బడిలో పదుల స్థానము, ఒకట్ల స్థానము అని నల్లబల్లమీద గీతలు గీసి చెప్పునది నాట్లు వేయు ఆమె చేతులలో ముందే ఉన్నది. ఆ రాత్రి కొడుకు చేత యాభై దాక కట్టలు కట్టించినది. సంతకము సంగతి మా ముగ్గురికిని జ్ఞాపకము రాలేదు.

తెలుగు లెక్కలో మరియొక సులువున్నది. పదమూడు అన్నప్పుడు పది ముందు, మూడు వెనుక వినబడును. 13 అని వ్రాయునప్పుడును ఒకటి ముందు, మూడు వెనుక. ఇంగ్లీషు థర్టీన్‌లో మూడే ముందు వినబడును గనుక చిన్నవారు 31 అని వ్రాయుట కద్దు. మీ బిడ్డ ఇంగ్లీషు మీడియములో చదువుచున్నను, ఇంట తెలుగులో లెక్కింపనిండు. అందువలన నష్టము లేదు, లాభమే.

గుణింతమునకు వంటిల్లు చాలును. కూరలు తరుగునప్పుడు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, 'బ'తో మొదలగువాటిని వెదకుమనుడి. బచ్చలి, బియ్యము, బీరకాయ, బూడిదగుమ్మడి, బెండకాయ, బొబ్బర్లు. 'బ' గుణింతములో సగము అక్కడనే పలికినది! అక్షరము వ్రాయుట బడిలో నేర్పుదురు. శబ్దమును చెవితో విడదీయుట చదువురాని తల్లియు నేర్పగలదు. అది రాని బిడ్డ వంద 'బ'లు దిద్దినను, వ్రేళ్లు నొచ్చుటే గాని చదువు రాదు. వానకాలపు సాయంత్రములలో వామనగుంటలు ఆడించుడి. ఏడేసి గుంటల రెండు వరుసలలో చింతగింజలు పంచుకొనుచు పోవుటకన్న మంచి లెక్కల అభ్యాసము మేము చూడలేదు. నాయనమ్మ గెలుచుటకు దొంగలెక్క పెట్టినయెడల మరీ మంచిది; బిడ్డ పట్టుకొనును.

ఇది మా సొంత అభిప్రాయము మాత్రమే కాదు. సీబీఎస్ఈ బడులలో ఒకటి, రెండు తరగతులవారికి ఇంటిపని ఇయ్యరాదని 2018లో మద్రాసు హైకోర్టు ఉత్తరువు చేసినది. 2020లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన పాఠశాల సంచుల విధానములోను అదే మాట ఉన్నది. ఇంత చిన్నవారు ఎక్కువసేపు కూర్చుండి వ్రాయలేరు గనుక, సాయంకాలము ఇంట ఎట్లు గడిపిరో, ఏమి ఆడిరో, ఏమి తినిరో తరగతిలో చెప్పింపవలెనని అందు సూచించిరి. సంచి బరువు బిడ్డ బరువులో పదవ వంతు మించరాదనియు ఉన్నది. ఆదివారపు బడికి వచ్చు పిల్లలను చూచినచో, ఆ కాగితము మన వీధులకింకను చేరినట్లు తోచదు.

ఉపాధ్యాయులతో ఒక మనవి. ఇంటికి పని పంపక తప్పనియెడల, జవాబు ఇంటివారియొద్ద మాత్రమే దొరకు ప్రశ్న పంపుడి. మీ ఇంట పూటకు ఎన్ని గ్లాసుల బియ్యము వండుదురు? మీ అమ్మమ్మ ఊరి పేరేమి? మరునాడు ఆ గ్లాసులను నల్లబల్లమీద గీసి, ఎవరింట ఎక్కువ, ఎవరింట తక్కువ, ఎందుచేత అని లెక్క చేయింపుడి. (తక్కువ వండు ఇంటి బిడ్డ నొచ్చుకొనకుండ చూచు నేర్పు మీకు మేము చెప్పనక్కరలేదు.) బిడ్డ నోట ఆ జవాబు వచ్చినదా, తల్లి కూర్చున్నదని అర్థము. దానికి సంతకమెందుకు?

తండ్రులారా, పుస్తకము నిండితేనే ఫీజు దక్కినట్లని మీలో కొందరు బడివారిపై ఒత్తిడి చేయుచున్నారని విన్నాము. పంతులమ్మలు మీకు జడిసియే పుటలు నింపించుచున్నారు. మీరు సెల్‌ఫోను ప్రక్కన పెట్టి ఇరవై నిమిషములు బిడ్డతో నేలమీద కూర్చుండగలరా అని అడుగుచున్నాము. మేమును మా అమ్మాయి చిన్నతనమున కూర్చున్నది తక్కువే; కూటములు, సందర్శనములు అని చెప్పుకొంటిమి.

వచ్చే శనివారము సాయంకాలము ఆరు గంటలకు దేవాలయపు వరండాలో చాపలు పరపించెదము. ఒకటవ తరగతి బిడ్డను వెంటబెట్టుకొని ఇంటివారొకరు రావలెను. చదువు వచ్చినవారే రావలెనని లేదు. చీపురుపుల్లలు మేము విరిపించి ఉంచెదము. చింతగింజలు ఎవరింట మిగిలియున్నను ఒక సోలెడు తీసికొనిరండి.