ఆయిల్ పట్టించినా రైఫిల్ తుప్పు ఎందుకు పట్టింది?

ఈ రోజు టాపిక్ కొంచెం డిఫరెంట్. ఇండియాలో ఉన్న మనకి దీంతో పెద్దగా పని పడదు. కానీ అమెరికాలో సెటిలైన మనవాళ్ళలో కొందరు వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నారు, పాత మిలిటరీ రైఫిళ్ళు కొంటున్నారు. వాళ్ళకోసం ఈ ఎపిసోడ్. మిగతావాళ్ళకి ఇది మంచి కెమిస్ట్రీ పాఠం.

నేను హ్యూస్టన్‌లో మా అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు జరిగింది ఇది. బావ దగ్గర ఒక ఎస్‌కేఎస్ ఉంది. సోవియట్ డిజైనర్ సిమొనోవ్ తయారుచేసిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్. 7.62×39 రౌండ్లు, మ్యాగజైన్‌లో 10 పడతాయి. బావ రేంజ్‌లో పాత సర్ప్లస్ రౌండ్లు కాల్చాడు. నేను పక్కన నిలబడి చూశాను అంతే. ఎందుకంటే టూరిస్ట్, స్టూడెంట్, హెచ్‌వన్‌బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. స్టూడెంట్స్, ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంటికొచ్చేసరికి బావ బాగా అలిసిపోయాడు. నేనే పెద్ద తెలిసినవాడిలా, "బావా, ఆయిల్ బాగా పట్టించి పెట్టెయ్, క్లీనింగ్ తర్వాత చూసుకోవచ్చు" అన్నాను. పది రోజుల తర్వాత విప్పి చూస్తే గ్యాస్ ట్యూబ్ లోపల, పిస్టన్ మీద ఎర్రగా తుప్పు. గీకితే కింద చిన్న చిన్న గుంటలు. "ఏరా, ఆయిల్ పెడితే చాలన్నావుగా?" అన్నాడు బావ. నా దగ్గర సమాధానం లేదు. ఆ గుంటలు మళ్ళీ పూడవు.

అసలేం జరిగిందో చూద్దాం. రౌండ్ వెనకాల ప్రైమర్ అని చిన్న మూత ఉంటుంది. ఫైరింగ్ పిన్ దాన్ని కొడితే నిప్పు పుడుతుంది. పాత మిలిటరీ ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది మండి, ఆక్సిజన్ వదిలేసి, పొటాషియం క్లోరైడ్ అవుతుంది. అంటే ఉప్పు! మన టేబుల్ సాల్ట్‌కి దగ్గరి చుట్టం. షాపులో దొరికే లో సోడియం ఉప్పులో ఉండేది కూడా ఇదే.

వానాకాలంలో మనింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది కదా? రైఫిల్ లోపల కూడా అదే జరుగుతుంది. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది, ఇనుము మీద ఉప్పునీటి పొర ఏర్పడుతుంది, తుప్పు మొదలవుతుంది. హ్యూస్టన్ తేమ గురించి చెప్పక్కర్లేదు, మన కాకినాడ లాంటిదే.

మరి ఆయిల్ ఎందుకు ఆపలేదు? ఉప్పు ఆయిల్‌లో కరగదు కాబట్టి. పప్పులో ఉప్పు ఎక్కువైతే నూనె పోస్తే తగ్గుతుందా? నీళ్ళే పోయాలి. మనం ఉప్పుని అక్కడే ఉంచి, పైన ఆయిల్ దుప్పటి కప్పాం. ఆఫీసులో బగ్ ఫిక్స్ చేయకుండా ఎర్రర్ మెసేజ్‌ని దాచేస్తాం చూడండి, సేమ్ అదే పని.

కొంతమంది అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కొడితే ఉప్పు "న్యూట్రలైజ్" అవుతుందంటారు. ఉప్పు యాసిడ్ కాదు, న్యూట్రలైజ్ అవ్వడానికి. ఆ క్లీనర్‌లో పనిచేసేది నీళ్ళే. 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్ళలో సుమారు 34 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కరుగుతుంది. రైఫిల్‌లో ఉండేది చిటికెడు కూడా కాదు. కాబట్టి కుళాయి నీళ్ళు చాలు.

ఇప్పుడు పద్ధతి. కాల్చిన రోజే చేయాలి, రేపటికి వాయిదా వద్దు.

ఒకటి: ముందు రైఫిల్ ఖాళీ చెయ్యండి. మ్యాగజైన్, చాంబర్ రెండూ కళ్ళతో చూసి, వేలు పెట్టి కూడా చెక్ చెయ్యండి.

రెండు: బోల్ట్, బోల్ట్ క్యారియర్, గ్యాస్ ట్యూబ్, పిస్టన్ విప్పండి. సెమీ ఆటోమేటిక్‌లో అసలు మెలిక ఇక్కడే. బ్యారెల్‌లో చిన్న రంధ్రం నుంచి కొంత గ్యాస్ వెనక్కి వచ్చి పిస్టన్‌ని తోస్తుంది. అంటే ఉప్పు కూడా అక్కడికి వెళ్తుంది. బావ రైఫిల్‌లో బ్యారెల్ లోపల క్రోమ్ పూత ఉంది కాబట్టి అది బతికింది. గ్యాస్ ట్యూబ్‌కి, పిస్టన్‌కి ఆ రక్షణ లేదు.

మూడు: వేడి నీళ్ళు. గరాటు పెట్టి చాంబర్ వైపు నుంచి బ్యారెల్‌లోకి పొయ్యండి. గ్యాస్ రంధ్రం, పిస్టన్, బోల్ట్ ముఖం, బ్యారెల్ మూతి అన్నీ కడగండి. చెక్క భాగాలు తడవకూడదు. చెక్క విప్పడం రాకపోతే తడి గుడ్డ ముక్కలు లోపల చాలాసార్లు తిప్పండి.

నాలుగు: పూర్తిగా ఆరబెట్టండి. వేడి నీళ్ళకి లోహం వేడెక్కి తొందరగా ఆరుతుంది. తర్వాత మామూలు సాల్వెంట్, బ్రష్‌తో మసి తియ్యండి. అన్నిటికన్నా చివర్లో పల్చగా ఆయిల్. వరస ముఖ్యం: నీళ్ళు, ఆరబెట్టడం, మసి, ఆయిల్.

ఐదు: బోల్ట్‌ని చేత్తో ఊపండి. చాలా ఎస్‌కేఎస్‌లలో ఫైరింగ్ పిన్ లోపల కదులుతూ గలగలమనాలి. సౌండ్ రాలేదంటే జిడ్డుకో తుప్పుకో ఇరుక్కుని ఉండొచ్చు. పిన్ ముందుకి ఇరుక్కుంటే ట్రిగ్గర్ నొక్కకుండానే రౌండ్ పేలొచ్చు. ఇది అందం గురించి కాదు, ప్రాణం గురించి. శుభ్రం చేసేదాకా కాల్చొద్దు.

ఆరు: మర్నాడు తెల్లటి గుడ్డ ముక్క ఒకటి బ్యారెల్‌లో, ఒకటి గ్యాస్ ట్యూబ్‌లో తిప్పండి. నారింజ రంగు వస్తే మళ్ళీ నీళ్ళ నుంచి మొదలు. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ మసిలో సీసం ఉండొచ్చు.

అన్ని రౌండ్లూ ఇలా ఉండవు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ ఎం1 గరాండ్‌కి ఇచ్చిన రౌండ్లు ఈ ఉప్పు రకమే. అదే సైన్యం ఎం1 కార్బైన్ రౌండ్లు మాత్రం మొదటి నుంచీ ఉప్పు లేనివి. చూసి చెప్పలేం. పాత సర్ప్లస్ కొంటే ఉప్పు ఉందనే అనుకోండి. కడిగితే పోయేదేం లేదు, ఒక కెటిల్ నీళ్ళు.

బావ కొత్త పిస్టన్, గ్యాస్ ట్యూబ్ వేయించాడు. పాత పిస్టన్ మాత్రం నాకిచ్చాడు, "ఈసారి సలహా ఇచ్చే ముందు దీన్ని చూడు" అని. ఇదిగో, టేబుల్ మీదే ఉంది.

ఓకే అండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, బై.