ఇంటి పన్ను నోటీసులో ఎవరి పేరు, ఎన్ని అడుగులు?

(సూళ్లూరుపేటలో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో, శ్రీహరికోట దారిలోని గ్రామాల నుంచి వచ్చిన సంఘ సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి మనం మనోవర్తి గురించి, గృహహింస గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఇంటి పన్ను గురించి మాట్లాడతానంటే వెనక వరసలో కొందరు నవ్వారు. అది మగవాళ్ల వ్యవహారం కదా అన్నారు ఒకరు. నిజమే, పన్ను మనిషి పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వస్తే మనం చెప్పే మాట ఒక్కటే: "ఆయన ఇంట్లో లేడు, సాయంత్రం రండి." కానీ ఆ పన్ను కట్టేది ఏ డబ్బుతో? పాలమ్మిన డబ్బు, చీటీ డబ్బు, పులికాట్ చేపల గంప మీద మిగిలిన డబ్బు. కట్టేది మనం, కాగితం చదివేది మాత్రం ఆయన. చాలా ఇళ్లలో ఆయన కూడా చదవడు, దాన్ని మడిచి దూలంలో చెక్కుతాడు.

ఆ కాగితాన్ని దూలంలోంచి తీయమని అడగడానికే ఈ రోజు నిలబడ్డాను. డిమాండ్ నోటీసు అంటే డబ్బు అడిగే చీటీ మాత్రమే అనుకుంటాం. నిజానికి అది మన ఇంటి గురించి ప్రభుత్వం రాసుకున్న వర్ణన. ఇల్లు ఎవరిది, డోర్ నంబరు ఎంత, పొడవు వెడల్పులు ఎంత, పైన ఉన్నది పూరి కప్పా, రేకులా, పెంకులా, మిద్దెనా, అందులో కాపురమే ఉంటున్నారా లేక వ్యాపారం కూడా చేస్తున్నారా. ఇవన్నీ ఎవరో ఒకరు వచ్చి, లేదా రాకుండానే, రిజిస్టరులో రాసేశారు. చివర్లో ఉన్న అంకె వీటి నుంచి పుట్టిందే. మనం చివరి అంకె చూసి గుండెలు బాదుకుంటాం. తప్పు పైన ఉంటుంది.

చట్టం సంగతి కొంచెం ఓపికగా వినండి. గ్రామ పంచాయతీలో ఉన్నవారికి 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం వర్తిస్తుంది. అందులో 60వ సెక్షన్ పంచాయతీకి ఇంటి పన్ను వేసే అధికారం ఇస్తుంది. ఇంటి అద్దె విలువ మీద గానీ, ఇంటి మూలధన విలువ మీద గానీ ఆ పన్ను వేయవచ్చని 61వ సెక్షన్ చెబుతుంది. అదే చట్టంలో 6వ సెక్షన్ గ్రామసభ గురించి. కొత్త పన్నులు వేయాలన్నా, ఉన్న పన్నులు పెంచాలన్నా ఆ ప్రతిపాదనను గ్రామసభ ముందు పెట్టాలని అందులో ఉంది. మన ఊళ్లలో గ్రామసభ అంటే పెన్షన్ల జాబితా చదివి సంతకాలు తీసుకునే తంతుగా మారింది. పన్ను పెంపు గురించి గ్రామసభలో ఎప్పుడు చర్చించారు, తీర్మానం నకలు చూపించండి అని ఒక్కసారి అడిగి చూడండి, వచ్చే జవాబును బట్టి చాలా విషయాలు తెలుస్తాయి.

సూళ్లూరుపేట ఇప్పుడు మున్సిపాలిటీ. అక్కడ 1965 నాటి మున్సిపాలిటీల చట్టం. చాలాకాలం పట్టణాన్ని జోన్లుగా విడగొట్టి, ఏ జోనులో ఎలాంటి కట్టడానికి ఎంత అద్దె వస్తుందో అంచనా వేసి, విస్తీర్ణం, ఇంటి వయసు, వాడకం చూసి పన్ను లెక్క కట్టేవారు. యజమాని తానే నివాసం ఉంటే అద్దె విలువలో 40 శాతం తగ్గింపు ఉండేది. 2020లో చట్టాన్ని సవరించి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను తెచ్చారు. అంటే రిజిస్ట్రేషన్ల శాఖ స్థలానికి, కట్టడానికి వేసిన విలువే ఆధారం. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, ఇతర వాడకాలకు 0.20 నుంచి 2 శాతం వరకు రేటు పెట్టుకోవచ్చన్నారు. 375 చదరపు అడుగుల లోపు నివాసాలకు ఏడాదికి 50 రూపాయలు చాలన్నారు. పాత పన్ను మీద పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్నారు. దీని మీద విశాఖపట్నంలో, విజయవాడలో పౌర సంఘాలూ వామపక్షాలూ అప్పట్లో గట్టిగా ఆందోళన చేశాయి. స్థలం ధర పెరిగినంత మాత్రాన అందులో ఉండే మనిషి రాబడి పెరగదు కదా అన్న వాళ్ల వాదన నాకూ సమంజసంగానే తోస్తుంది. మనం అడిగే రోజుకు ఏ రేటు అమలులో ఉందో కౌన్సిల్ తీర్మానంలో చూసుకోవాలి, ఎవరి నోటి మాటా నమ్మవద్దు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఊహించిన లెక్కే, కానీ ఇలాంటివి మీ వీధిలోనే దొరుకుతాయి. ఒక ఇల్లు 18 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. గుణిస్తే 360 చదరపు అడుగులు. పైన చెప్పిన నిబంధన ప్రకారం ఏడాదికి 50 రూపాయల పన్ను. కొలిచే మనిషి ముందున్న తడికల పంచను కూడా కలిపేసి, 20కి 20 అని రాశాడు. 400 అడుగులు అయింది. ఇక 50 రూపాయల లెక్క పోయింది, విలువ మీద శాతం వచ్చింది. ఆస్తి విలువ 4 లక్షలు, రేటు 0.12 శాతం అనుకుంటే 480 రూపాయలు. రెండడుగుల తేడాకి ఏటా 430 రూపాయలు అదనం. పదేళ్లు కట్టాక ఎవరూ దాన్ని తప్పు అని కూడా అనుకోరు, మన ఇంటి పన్ను అంతే అనుకుంటారు.

రెండో తప్పు కప్పు దగ్గర. రేకుల ఇంటిని మిద్దె అని రాస్తే విలువ పెరుగుతుంది. కాలనీల్లో ఇది ఎక్కువ. వరసలో పది ఇళ్లకు స్లాబు ఉంటే, పదకొండోదీ అదేనని లోపలికి రాకుండా రాసేస్తారు.

మూడోది మనకు మరీ దగ్గరిది, వాడకం. పంచలో కుట్టుమిషను పెట్టుకున్న అమ్మాయి, పొద్దున్నే ఇడ్లీలు పోసి అమ్ముకునే అమ్మ, గూట్లో నాలుగు సబ్బులు, రెండు బిస్కెట్ల డబ్బాలు పెట్టుకున్న వితంతువు. వీళ్ల ఇల్లు మొత్తం "వాణిజ్యం" కింద పడిపోయిన చోట్లు ఉన్నాయి. స్త్రీ ఇంట్లో చేసే పనిని కూలి లెక్కకు వచ్చినప్పుడు పని కాదంటారు, పన్ను లెక్కకు వచ్చినప్పుడు వ్యాపారం అంటారు! వంటింటిని, పడక గదిని దుకాణంగా లెక్కించడం తగదని, నిజంగా వ్యాపారానికి వాడుతున్న భాగం ఎన్ని అడుగులో కొలిచి దానికే ఆ రేటు వేయమని రాతపూర్వకంగా అడగాలి.

పన్నుతో పేచీ మన తెలుగువాళ్లకు కొత్త కాదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం 1921లో ఊరే ఖాళీ చేసి, బయట పాకలు వేసుకుని రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి ఉన్నారు. పన్ను కట్టనందుకు జైలుకు వెళ్లిన వారిలో ఒక స్త్రీ కూడా ఉంది. మన పూర్వపు నెల్లూరు జిల్లాలోనే 1992లో దూబగుంట స్త్రీలు అక్షరదీపం చదువుతో మొదలుపెట్టి సారా దుకాణం మూయించారు. చదవడం వచ్చాక మొదట చదవాల్సింది మన గుమ్మానికి వచ్చిన కాగితమే కదా.

బయటి దేశాల్లోనూ ఇదే గొడవ. ఇంగ్లండులో కౌన్సిల్ టాక్స్ అని 1993 నుంచి ఉంది. ఇళ్లను ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది తరగతులుగా విడగొట్టారు. 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు ఎంత ధర పలికేదన్నదే ఇప్పటికీ కొలమానం. పక్కింటివాళ్లు మనలాంటి ఇంట్లోనే ఉంటూ కింది తరగతిలో ఉన్నారని తెలిస్తే తరగతి మార్చమని సవాలు చేయవచ్చు, కుదరకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఒక చిక్కుంది: మళ్లీ చూసినప్పుడు తరగతి పెరగనూ వచ్చు. అందుకని అక్కడ తెలిసినవాళ్లు ముందు నాలుగు ఇళ్లతో పోల్చుకుని ఆ తర్వాతే అర్జీ పెడతారు. ఈ పద్ధతి మనమూ నేర్చుకోవాలి. అక్కడ ఇంకొకటి నాకు నచ్చింది. ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే పన్నులో 25 శాతం తగ్గిస్తారు. ఒంటరి స్త్రీలు ఇంతమంది ఉన్న మన రాష్ట్రంలో అలాంటి ఆలోచన చేయమని ఎందుకు అడగకూడదు?

శ్రీహరికోట మాట ఎత్తకుండా ఇక్కడ పన్ను గురించి మాట్లాడటం కుదరదు. 1971 అక్టోబరులో అక్కడ మొదటి రాకెట్ లేచింది. ఆ కేంద్రం భవనాలు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద రాష్ట్రం గానీ, స్థానిక సంస్థ గానీ ఆస్తి పన్ను వేయడానికి లేదు. దారి పక్కన యానాది గుడిసెకు పన్ను ఉంటుంది, ఆ పెద్ద భవనాలకు ఉండదు. ఇది విని కోపం తెచ్చుకోవడం సులువే, కానీ మిగతా సగం కూడా తెలుసుకుందాం. పన్ను లేకపోయినా, రోడ్డు, నీళ్లు, పారిశుద్ధ్యం వంటి సేవలకు సేవా రుసుము ఉంది. రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో 2009 నవంబరులో సుప్రీంకోర్టు ముందు ఒప్పుకున్న పద్ధతి ప్రకారం, వాడుకునే సేవలను బట్టి ఆస్తి పన్నులో 75 శాతం, 50 శాతం, లేదా మూడో వంతు చెల్లించాలి. మీ పంచాయతీ పరిధిలో కేంద్ర ప్రభుత్వ భవనాలేవైనా ఉంటే, వాటి నుంచి సేవా రుసుము అడిగారా, వచ్చిందా అని గ్రామసభలో అడగండి. పేదల పన్ను పెంచే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది.

కాగితం విలువ ఏమిటో ఆ దీవి చరిత్రే చెబుతుంది. భూసేకరణ జరిగిన రోజుల్లో అమలులో ఉన్నది 1894 నాటి చట్టం. భూమిలో హక్కు చూపగలిగిన వారికే దాని ప్రకారం నష్టపరిహారం. అడవిలో దుంపలు, మూలికలు, తేనె నమ్ముకుని తరతరాలుగా బతికిన యానాదుల చేతిలో చూపడానికి ఏ కాగితం ఉంటుంది?

అందుకని ఇక అసలు గడికి వస్తాను, పేరు గడి. ఇళ్ల స్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరున ఇవ్వడం మన రాష్ట్రంలో చాలాకాలంగా ఉంది. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి పెద్ద ఎత్తున ఇచ్చినవీ మహిళల పేరునే. కానీ పట్టా ఆమె పేరున ఉండి, ఇంటి పన్ను పుస్తకంలో భర్త పేరో, మామ పేరో ఎక్కిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీరే మీ ఊళ్లో లెక్కపెట్టండి. భర్త చనిపోయాక మరిది వెళ్లి, నిశ్శబ్దంగా పేరు మార్పించుకున్న సంగతులు మన సంఘాల దగ్గరికే వస్తుంటాయి. కరెంటు మీటరుకు, చిరునామా రుజువుకు ఆ రసీదే అడుగుతారు, రేపు ఆమెను బయటకు పొమ్మన్నప్పుడు ఆ రసీదే ఎదురుగా పెడతారు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ఇంటి పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదు. రికార్డులో పేరు మారినంత మాత్రాన ఆస్తి మీద హక్కు రాదని, పోదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. కాబట్టి పుస్తకంలో మరిది పేరు ఎక్కిందని ఆమె హక్కు పోలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా భర్త చనిపోతే, అతని ఆస్తిలో భార్య, పిల్లలు, అతని తల్లి మొదటి తరగతి వారసులు. మరిది ఆ వరసలో లేడు. అలాగే పోరంబోకు స్థలంలో గుడిసె వేసుకుని పన్ను కట్టినంత మాత్రాన స్థలం మనదీ కాదు. అయినా ఆ ఇంట్లో ఎవరు, ఎప్పటి నుంచి ఉంటున్నారనడానికి వరసగా ఉన్న రసీదులు సాక్ష్యంగా పనికొస్తాయి. ఆ మేరకు పోరాడాల్సిందే. పేరు మార్పు అర్జీకి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పట్టా లేదా దస్తావేజు నకలు జతచేయాలి. మరొకరు మార్పుకు అర్జీ పెట్టారని తెలిస్తే, వారసుల్లో నేనూ ఉన్నాను, నాకు నోటీసు ఇవ్వకుండా మార్చవద్దు అని వెంటనే అభ్యంతరం రాసి ఇవ్వాలి.

ఇక కార్యాలయానికి వెళ్లే పని. కొత్తగా పన్ను వేసినా, పెంచినా ప్రత్యేక నోటీసు వస్తుంది. అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటుంది, ముందు ఆ గడువు చదవండి. నోటీసు మనకు అందిన తేదీని దాని వెనకే రాసి పెట్టుకోండి. ఎందుకంటే "మేము ఎప్పుడో ఇచ్చాం" అంటారు. పన్ను లెక్క వేసిన రిజిస్టరు పేజీ, కొలతల వివరం, మన వరసలోని ఇళ్ల లెక్క నకళ్లు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి రుసుమే లేదు. అయితే ఆ 30 రోజులు గడిచేదాకా అభ్యంతరం ఆపకండి, గడువు దాటిపోతుంది. ముందు అభ్యంతరం ఇచ్చేసి, నకళ్లు వచ్చాక జతచేయండి.

అభ్యంతరంలో "మేము పేదవాళ్లం, దయచేసి తగ్గించండి" అని రాయకండి. దయ అడిగితే దయ లేదంటారు, అంతటితో సరి. "రిజిస్టరులో 400 చదరపు అడుగులు అని ఉంది, మా ఇల్లు 360, నా ఎదుట వచ్చి కొలవండి" అని రాయండి. అప్పుడు కొలవడమో, కాదని రాతలో చెప్పడమో చేయాలి. కొలిచే రోజు సంఘం నుంచి ఇద్దరు ఉండండి, టేపు రెండో కొన మన చేతిలో ఉండాలి.

వివాదం తేలేదాకా కట్టడం మానేస్తామంటారు కొందరు. మున్సిపాలిటీలో బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, కాబట్టి పాత లెక్క ప్రకారమైనా కట్టేసి, "అభ్యంతరానికి లోబడి కడుతున్నాను" అని అర్జీలో రాయడం మేలని నా అభిప్రాయం. చీరాల వాళ్లలాగా ఊరంతా కలిసి నిలబడితే అది వేరే మాట, ఒక్క ఇల్లు ఒంటరిగా ఆ పని చేయకూడదు.

అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్ర, సంతకం వేయించుకోండి. "ముద్ర లేదమ్మా, రేపు రా" అంటే అక్కడినుంచి కదలకండి, లేదా పోస్టాఫీసుకు వెళ్లి రసీదు వచ్చేలా రిజిస్టరు చేయండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత మనం ఒక నమూనా అర్జీ కలిసి రాద్దాం. మీతో తెచ్చిన నోటీసులు తీసి పెట్టుకోండి, తేనివాళ్లు పక్కవారి నోటీసులో పేరు గడి, కొలతల గడి ఎక్కడున్నాయో చూసి ఉంచండి.