కొలువు ముంగిట

గూగుల్ సంస్థలో ఇంటర్వ్యూ ముగించుకొనిన యువకుని ఇంట ఆ సాయంకాల మెట్లుండునో శ్రోతలలో పెక్కురకు తెలియును. తల్లి “ఏమడిగిరి నాయనా?” యనును. తండ్రి “ఏమి చెప్పితివి?” యనును. అతడు మాత్రము చెప్పినదానిని విడిచి, చెప్పలేకపోయినదానినే తలచుకొనుచుండును. ఆ పరీక్షలో జరుగునదేమి? ఆ తీర్పునకు మన మీయదగిన విలువ యెంత? ఈ రెంటిని గూర్చి కొంత ముచ్చటింతుము.

కొలువునకు ముందు చిక్కుప్రశ్న లడుగుట నేటి వింత కాదు. థామస్ ఆల్వా ఎడిసన్ తనవద్ద పనికి వచ్చిన పట్టభద్రులకు నూటనలువదికి పైబడిన ప్రశ్నలు గల పత్రము నిచ్చెడివాడు. 1921లో అవి పత్రికల కెక్కినవి. ఆ యేడే అమెరికాకు వచ్చిన ఐన్‌స్టీన్‌ను విలేకరులు శబ్దవేగమెంత యని యడుగగా, పుస్తకములలో దొరకుదానిని తాను తలలో మోయనని ఆయన బదులు చెప్పినట్లు నాటి పత్రికలు వ్రాసినవి.

తరువాతి కాలమున కంప్యూటరు సంస్థలు జ్ఞాపకశక్తిని వదలి పొడుపుకథలను పట్టుకొన్నవి. వీధులలోని మురుగుకాలువల మూతలు గుండ్రముగ నుండుటేల యను ప్రశ్న మైక్రోసాఫ్టు పేరిట ప్రసిద్ధి కెక్కినది. 2004లో గూగుల్ వారు తమ పేరైనను లేకుండ కాలిఫోర్నియా రాజమార్గము ప్రక్కన నొక గణితప్రశ్నను పెద్ద ఫలకముపై వ్రాయించిరి. దానిని విప్పినవారికి మరియొక చిక్కు. దానిని గూడ విప్పినవారికి దరఖాస్తు పంపుడను ఆహ్వానము. కాని ఆ సంస్థలో నియామకములు చూచిన లాజ్లో బాక్ 2013లో, ఇట్టి పొడుపుకథలవలన ప్రయోజనము లేదనియు, అవి ప్రశ్నించువానికి తానెంతో తెలివిగలవాడ ననిపించుటకే పనికివచ్చుననియు ఒప్పుకొనెను.

ఇప్పటి పద్ధతి వేరు. తొలివడపోత దాటినవారిని నలుగురు పరీక్షకులు, ఒక్కొక్కరు ముప్పాతికగంట చొప్పున, వేరువేరుగ ప్రశ్నింతురు. పూర్వము పదిపండ్రెండు మారులు పిలిచెడివారు. నాలుగింటికి మించిన ఇంటర్వ్యూలవలన తీర్పు అంతగా మెరుగుపడదని సంస్థవారి పరిశీలనలోనే తేలినది. అభ్యర్థి బల్లపై గాని తెరపై గాని ప్రోగ్రాము వ్రాయవలెను. అతనిని ప్రశ్నించినవారే తుదితీర్పు చెప్పుట యుండదు. వారు వ్రాసియిచ్చిన నివేదికలను, అభ్యర్థి ముఖమైనను చూడని ఒక సంఘము చదివి తన యభిప్రాయము చెప్పును.

ఇందు మన పిల్లలకు కలుగు చిక్కొకటి కలదు. పెద్దలయెదుట నిశ్చయముగ తెలిసినగాని నోరు విప్పరాదని మనము నేర్పితిమి. అచ్చట పరీక్షకుడు వినగోరునది సమాధానము మాత్రమే కాదు. దానికి నడచిన దారి. ఎంత చక్కగ ఆలోచించినను మౌనముగ నున్నచో నివేదికలో వ్రాయుటకేమి యుండును? “ఈ దారి పొసగలేదు, మరియొకటి చూతును” అని పైకి చెప్పుట ఓటమి కాదు. ప్రశ్న అర్థము కానిచో తిరిగి యడుగుట తప్పు కాదు. ఈ సంగతి ముందే తెలియక వెనుదిరిగినవా రెందరో.

ఇక తీర్పు విలువ. తగినవానిని పోగొట్టుకొన్నను సరియే, తగనివానిని చేర్చుకొనరాదన్నది ఇట్టి సంస్థల నియమము. కావున మంచివారు కొందరు తప్పక జారిపోవుదురు. మాకింటాషు యంత్రములపై ప్రోగ్రామర్లు విరివిగ వాడు హోమ్‌బ్రూ అను సాధనమును నిర్మించిన మాక్స్ హోవెల్, బల్లపై నొక చిన్న లెక్క వ్రాయలేక గూగుల్‌లో తిరస్కరింపబడితినని 2015లో వెల్లడించెను. సంస్థవారికిని ఈ సంశయము లేకపోలేదు. 2010లో వారు తాము త్రోసిపుచ్చిన మూడులక్షల ఇంజనీర్ల దరఖాస్తులను యంత్రముచేత తిరిగి జల్లించి, పదివేలమందిని మరల పరిశీలించి, నూటయేబదిమందిని చేర్చుకొనిరి.

మేమును రేడియోలో స్వరపరీక్షలు జరుపువారమే. గాజుతెరకు ఈవల కూర్చుండి, ఎఱ్ఱదీపము వెలుగగానే గొంతెండిపోయిన యువకు నొకనిని ఒకనాడు పనికిరాడని వ్రాసితిమి. కొన్నేండ్లకు ఒక యూరి సభలో అతడు మాటలాడుచుండగా వెనుకవరుసలో నిలిచి వింటిమి. సభ యంతయు నిశ్శబ్దమై వినుచుండెను. ఆనాడు మేము కొలిచినది అతని కంఠమును కాదు, అతని భయమును. ఆ సంగతి అతనికి చెప్పుటకు మాకు ధైర్యము చాలలేదు.

కనుక తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లవాడు తిరిగి వచ్చినపుడు, ఏమి జరిగినదని గుమ్మముననే యడుగవలదు. ముందు అన్నము పెట్టుడు. ఆ గదిలో కొలిచినది ముప్పాతికగంటల పనిని. వానిని ఇరువదియేండ్లుగ ఎఱిగినవారు మీరు.